బిస్కెట్ డబ్బాలో అయిదు పనులు

ఉమాపతి సారు చంకలో తోలుచుట్ట పెట్టుకొని వచ్చేసరికి జ్ఞానయ్య వాకిట్లో సైకిలు తిరగేసి గొలుసుకు నూనె పెడుతున్నాడు. బడి సారు ఇంటికి రావడం నాచారంలోని ఆ క్రైస్తవుల వాడలో మామూలు సంగతి కాదు. జ్ఞానయ్య భార్య మార్తమ్మ లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. అరుగు మీద కూర్చున్న జ్ఞానయ్య తండ్రి శాంతయ్య కాళ్లు ముడుచుకున్నాడు.

ఉమాపతి హైస్కూలుకు కొత్తగా వచ్చిన క్రాఫ్టు మాస్టరు. సిరిసిల్ల వైపు మనిషి. కుర్చీలో కూర్చున్నాడే గాని తోలుచుట్టను ఒడిలోంచి దించలేదు.

"జ్ఞానన్నా, నీతోని జర పని పడ్డది."

"చెప్పున్రి సారూ."

"ఈ తోలు ఆఫీసోళ్లు పంపిన్రు. ఏ దిక్కు నుంచి కొయ్యాల్నో నాకు సమజైత లేదు. నేను నేర్సింది మగ్గం, వడ్రంగం. తోలుపని పుస్తకంలనే సూసిన. నువ్వొక శనివారం బడికొచ్చి పిల్లలకు సూపిస్తే నా నెత్తి మీద బరువు దిగుతది."

జ్ఞానయ్య చేతిలోని నూనెగుడ్డ కింద పెట్టాడు.

"నాకేం తెలుసు సారూ?"

"అగో, గట్లంటవేందన్నా! నీకు తెల్వకపోతే ఎవరికి తెలుస్తది?"

అరుగు మీద శాంతయ్య దగ్గాడు. నిజానికి ఆయనకు దగ్గు లేదు.

ఉమాపతి అడిగినదానిలో దురుద్దేశం ఏమీ లేదు. జనగామ పక్కన ఒక ఊళ్లో శాంతయ్యది తోలుపని చేసిన ఇల్లు. మోట బొక్కెనలు, చెప్పులు, డప్పులు ఆ ఇంటి నుంచే ఊరికి వెళ్లేవి. కాని శాంతయ్య కొడుకును ఆ పని దగ్గరికి రానివ్వలేదు. తోలుకు చిల్లు పొడిచే ఆరె ముట్టుకుంటే చేతి మీద కొట్టేవాడు. బడి ఈడు రాగానే జనగామ మిషను బోర్డింగులో వేశాడు. జ్ఞానయ్య అక్కడ చదివినంత చదివి పట్నం వచ్చి, ఉప్పల్ రోడ్డు మీద భూమి లోపలి సంగతులు వెతికే సర్కారు ల్యాబులో హెల్పరుగా చేరాడు. రాళ్ల పెట్టెలు దించుకోవడం, వాటికి నంబర్లు వేయడం అతని పని. తెగిన చెప్పును కుట్టించుకోవడానికి అతను కూడా అందరిలాగే లాలాగూడ గేటు దగ్గర కూర్చునే మనిషి దగ్గరికే పోతాడు.

"నేను తోలు ముట్టినోణ్ణి కాదు సారూ," అన్నాడు.

ఉమాపతి నమ్మలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాడు. "దీంట్ల నామోషీ ఏమున్నదన్నా? హన్నాకు కూడ ఆసరైతది."

"హన్నాకా? హన్నాకేంది?"

"ఆమెను తోలుపనిల ఏసిన గద."

గుమ్మంలో నీళ్ల చెంబుతో నిలబడిన హన్నా చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. హన్నా ఎనిమిదో తరగతి. సంగతి ఆమెకు ముందే తెలుసని, ఇంట్లో చెప్పలేదని జ్ఞానయ్యకు అప్పుడు అర్థమైంది.

అది అరవై ఏడో సంవత్సరం. పిల్లలకు పుస్తకాలతో పాటు ఒక చేతిపని నేర్పాలని పైనుంచి మాట వచ్చింది. ఎనిమిదో తరగతి మొదలు వారానికి ఆరు పీరియడ్లు. వడ్రంగం, కరెంటు పని, కుట్టుపని, తోలుపని, తోటపని. సామాన్ల పెట్టెలు కూడా వచ్చి బడి వెనక రేకుల షెడ్డులో ఉన్నాయి. పిల్లల్ని అయిదు పనులకు పంచవలసింది ఉమాపతి. అతను పేర్లు పిలిచి, తండ్రి ఏం చేస్తాడో అడిగి, దాన్ని బట్టి పంచాడు. వడ్ల నర్సయ్య కొడుకు వడ్రంగానికి. దర్జీ కూతురు కుట్టుపనికి. ఇంజినీర్ల పిల్లలు, సైంటిస్టుల పిల్లలు కరెంటు పనికి. ఏ పనీ తేలని పెద్దింటి పిల్లలు తోటపనికి. హన్నాను "మీ నాయన ఏం జేస్తడు?" అని అడిగినప్పుడు ఆమె "ల్యాబుల జేస్తడు" అన్నది. వెనక నుంచి ఎవరో "తాత చెప్పులు కుట్టెటోడు సార్" అన్నారు.

"నేను మా నాయిన దగ్గర్నే మగ్గం నేర్సిన అన్నా," అన్నాడు ఉమాపతి. "ఇంట్ల ఉన్న పనైతే జల్ది ఒస్తది. పిల్లలకు కష్టం ఉండదు. గంతే నేను అనుకున్నది."

మార్తమ్మ కొంగు బిగించింది. ఆమె రైల్వే దవాఖానాలో ఆయా.

"సారూ, నేను రోగులకు బెడ్‌ప్యాన్లు పెట్టి తీస్త. మరి నా బిడ్డకు గా క్రాఫ్టు కూడ పెట్టకపోయిన్రా? ఇంట్ల ఉన్న పనే గద, జల్ది ఒస్తది."

ఉమాపతి ముఖం ఎర్రబడింది. తోలుచుట్ట చంకన పెట్టుకొని లేచాడు. "తప్పైతే చెప్పున్రి అక్కా," అన్నాడు. అతను వాడ దాటేదాకా మార్తమ్మ చూస్తూనే ఉంది.

సారు పోయాక జ్ఞానయ్య కూతుర్ని పిలిచాడు.

"ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే నువ్వు బడి మాన్పిస్తవని."

"నీకేం పని కావాల్నే?"

"కరెంటు పని."

ఆ మాట కోసం ఆమె ఆలోచించలేదు. అంతకు ముందు ఏడాది వాడకు కరెంటు వచ్చినప్పుడు హన్నా అన్నం మానేసి స్తంభం కింద నిలబడింది. పైనున్న లైన్‌మన్‌ని ఏ తీగ ఎందుకో అడిగి అడిగి విసిగించింది. చివరికి అతను, "అమ్మా, నువ్వే ఎక్కు, నేను కింద నిలబడి అడుగుత," అన్నాడట. చర్లపల్లి వైపు రేడియోలు బిగించే ఫ్యాక్టరీలు వస్తాయని, వాటిలో ఆడపిల్లల్ని తీసుకుంటారని మల్కాజిగిరిలో చెప్పుకుంటున్నారు. హన్నా ఆ మాట విని దాచుకుంది.

"అడిగిన నాయినా. గది ఇంజినీర్ల పిల్లలకన్నరు."

మర్నాడు ల్యాబుకు పోయే దారిలో జ్ఞానయ్య బడి ముందు సైకిలు దిగాడు. హెడ్మాస్టరు సీతారామయ్యది తెనాలి. ఎవరొచ్చినా కూర్చోమనే మనిషి. జ్ఞానయ్యనూ కూర్చోమన్నాడు.

"ఉమాపతి చెప్పాడు. బాధపడ్డారట."

"బాధ కాదు సార్. అడుగుదమని ఒచ్చిన."

"చూడు జ్ఞానయ్యా. పిల్లలు మెట్రిక్ పాసై ఏం చేస్తున్నారు? రైల్వే పరీక్షలు రాసి రాసి అరుగుల మీద కూర్చుంటున్నారు. ఇక్కడ చూస్తే రోజుకో షెడ్డు లేస్తోంది. చేతిలో పనున్న పిల్లకు బెంగ ఉండదు. తోలుపని తక్కువ పని అనుకోవడం పాతకాలం మాట. ఏ పనైనా పనే కదా?"

"ఏ పనైనా పనే అయితే, మీ బాబు ఏ పనిల ఉన్నడు సార్?"

సీతారామయ్య కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచాడు. తుడవవలసినదానికన్నా ఎక్కువసేపు తుడిచాడు.

"తోటపనిలో."

"తోటపని మంచిదే సార్," అన్నాడు జ్ఞానయ్య.

సీతారామయ్య కళ్లద్దాలు పెట్టుకొని, శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉందని చెప్పాడు. ఈ శిక్షణ వద్దని ఎక్కువమంది చెయ్యెత్తితే సామాన్ల పెట్టెలు మల్కాజిగిరి బడికి పోతాయి. కావాలంటే సోమవారం నుంచి పని మొదలవుతుంది. "నీ మాట అక్కడ చెప్పు. నేను అడ్డుపడను," అన్నాడు.

ల్యాబులో జ్ఞానయ్య పైఅధికారి దామోదర్. ఆయన కొడుకు మురళీధర్‌ది హన్నా తరగతే. దామోదర్‌కు మీటింగు సంగతి తెలుసు.

"శనివారం వస్తున్నావుగా జ్ఞానయ్యా? వద్దని చెయ్యెత్తు. వారానికి ఆరు పీరియడ్లు సుత్తి పట్టుకు కూర్చుంటే పిల్లలు లెక్కలెప్పుడు నేర్చుకుంటారు? ఇంజినీరింగులో సీటు ఎవరిస్తారు? మావాడి సంగతి సరే, మీ పిల్లలకైతే ఇది మరీ అన్యాయం. చదువుకుని పైకొస్తుంటే మళ్లీ పాత పనిలోకి తోస్తున్నారు. నేను లేచి అదే చెబుతాను. నువ్వు నా వెనక లేచి ఒక్క మాట చెప్పు చాలు."

అన్నీ జ్ఞానయ్య అనుకున్న మాటలే. ఒక అధికారి నోటి నుంచి ఆ మాటలు వింటే అతనికి బలం రావాలి. కాని మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పాక అతనికి ఇంకొకటి తట్టింది. దామోదర్ కొడుక్కు ఈ శిక్షణ లేకపోయినా దారి ఉంది. సామాన్ల పెట్టెలు మల్కాజిగిరికి పోతే హన్నాకు తోలుపని తప్పుతుంది. తీగలు, స్విచ్చులు ఉన్న పెట్టె కూడా ఆ బండిలోనే పోతుంది. వద్దని చెయ్యెత్తితే బిడ్డ అడిగింది పోతుంది. కావాలని ఎత్తితే, తండ్రి నలభై ఏళ్ల కింద మూసిన తలుపు తనే తెరిచి బిడ్డను లోపలికి పంపినట్టవుతుంది. డబ్బాలోని అన్నం సగం మిగిలిపోయింది.

ఆ సాయంత్రం శాంతయ్య అరుగు మీదనే ఉన్నాడు. జ్ఞానయ్య పక్కన కూర్చున్నాడు.

"నాయినా, నాకెందుకు నేర్పలే?"

ముసలాయన వీధి చివర దాకా చూసి వచ్చినట్టు చూసి అప్పుడు మాట్లాడాడు.

"తోలేం పాపం జేసిందిరా? మంచి పని. నేను కట్టిన బొక్కెన చుక్క కారకపోయేది. దొర మనిషిని పంపెటోడు, బొక్కెన తెమ్మని. చేస్తవా అని ఒక్కనాడు అడగలే. జెరమొచ్చి పండుకున్నా అడగలే. నువ్వు పుట్టినంక నిన్ను సూసి, ఇగ బొక్కెనలు కట్టెటోడు ఇంకోడు ఒచ్చిండన్నడు. నీకు పేరు కూడ పెట్టలేదు అప్పటికి. గందుకు నేర్పలే."

"మరి హన్నా?"

"హన్నాను అడిగిన్రా?"

"అడిగిన్రు. నాయిన ఏం జేస్తడని."

శాంతయ్య నవ్వాడు. నోట్లో ఉన్న నాలుగు పళ్లు కనిపించాయి. "గది మారలే," అన్నాడు.

శనివారం పొద్దున ప్రార్థన అయ్యాక మార్తమ్మ గూట్లోంచి వాగ్దానాల పెట్టె తీసింది. అగ్గిపెట్టెలు రెండు కలిపితే ఎంతో అంత పెట్టె. లోపల చుట్టచుట్టిన కాగితాలు. ఒక్కొక్కదాని మీద బైబిలులో ఒక్కొక్క వాక్యం. ఇంట్లో అందరూ పొద్దున తలా ఒకటి తీసుకొని చదువుకుంటారు. మళ్లీ చుట్టి లోపల పెడతారు. హన్నా తనది తీసి, చదివి, మూతి ముడిచింది.

"ఇది నిన్న తాతకొచ్చింది. పెద్దమనిషి ఓపిక గురించి. నాకెందుకొచ్చింది?"

"పెట్టెకేం తెలుసే ఎవరి చెయ్యో," అన్నది మార్తమ్మ. "మన చర్చిల కొత్త సంవత్సరం నాడు సూడలేదా? గిసొంటి చీటీలేసిన బిస్కెట్ డబ్బాల రైల్వే డాక్టరమ్మ చెయ్యి పెడ్తది, దవాఖానా ఊడ్చే హనోకు చెయ్యి పెడ్తడు. డాక్టరమ్మకు భయపడకు అని ఒచ్చె, హనోకుకు నిన్ను అధిపతిని జేస్త అని ఒచ్చె. ఏడాదంత హనోకు నన్ను కుర్చీ తెమ్మంటనే ఉండె."

హన్నా నవ్వింది. జ్ఞానయ్య నవ్వలేదు. చేతిలో తన కాగితం అట్లాగే ఉంది.

"ఏమయ్యా, సదువుకోవా?"

"ఆ డబ్బా ఇప్పుడు ఎవరింట్ల ఉన్నది?" అని అడిగాడు.

మీటింగు రేకుల షెడ్డులో పెట్టారు. సామాన్ల పెట్టెలు గోడ వారగా ఉన్నాయి. కుర్చీలు చాలక కొందరు వాటి మీదనే కూర్చున్నారు. లాలాగూడ వర్క్‌షాపు వాళ్లు ఒకవైపు, ల్యాబుల వాళ్లు ఒకవైపు, నాచారం రైతులు, వాడ మనుషులు గుమ్మం దగ్గర. సీతారామయ్య శిక్షణ ఎందుకో చెప్పాడు. దామోదర్ లేచి ఎందుకు వద్దో చెప్పాడు. ఇద్దరూ బాగానే మాట్లాడారు. జనం ఇద్దరికీ తలలూపారు.

అప్పుడు వడ్ల నర్సయ్య లేచాడు. అతను తలుపులు, కిటికీలు చేస్తాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది.

"సార్, నా పిలగాన్ని వడ్రంగంల ఏసిన్రు. వాడు నా దగ్గర రందా పట్టి మూడేండ్లాయె. వాడికి మీ ఉమాపతి సారు నేర్పుతడా, మా వాడే సారుకు నేర్పుతడా? నాకొచ్చింది నేనే నేర్పుకుంట. నాకు రానిది నేర్పుతరనే గద బడికి తోలింది!"

షెడ్డంతా నవ్వింది. ఉమాపతి తల వంచుకున్నాడు. దామోదర్ జ్ఞానయ్య వైపు చూసి, లెమ్మన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

జ్ఞానయ్య లేచాడు. పైఅధికారి ముందు అతను ఎప్పుడూ అంత జనంలో మాట్లాడలేదు.

"నేను వద్దనను సార్," అన్నాడు. దామోదర్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "పని నేర్పున్రి. మాకు కావాలె. గాని ఎవరి నాయిన ఏం జేస్తడని అడగకున్రి. చీటీలు ఎయ్యున్రి. అయిదు పనులు రాసి డబ్బాల వెయ్యున్రి. పిల్లలందరు, మొగపిల్లలు ఆడపిల్లలు, వరుసకొచ్చి చెయ్యి పెట్టి తీస్కుంటరు. ఏది వస్తే అది. ఆర్నెల్లు. మళ్ల ఆర్నెల్లకు ఇంకో చీటీ, చేసిన పని గాకుండ. మెట్రిక్ దాక పోయెటాల్లకు అందరికి అన్ని పనులు తెలుస్తయి. తర్వాత ఎవరికి ఏది నచ్చితే అది."

"ఇది బడా, లాటరీ టిక్కెట్టా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"మా చర్చిల దేవుని మాటే గిట్ల పంచుకుంటం," అన్నాడు జ్ఞానయ్య. "చీటీ కూడ మనల్ని అడగదు, నిజమే. గాని నీ నాయిన ఎవరని కూడ అడగదు."

సీతారామయ్య కళ్లద్దాలు తీశాడు. ఈసారి తుడవలేదు.

"మరి మీ హన్నాకే తోలుపని వస్తే?"

పొద్దుటి నుంచి జ్ఞానయ్య చీటీలు ఎట్లా మడవాలో కూడా ఆలోచించాడు గాని ఈ ఒక్కటి ఆలోచించలేదు. మార్తమ్మ వైపు చూశాడు. ఆమె కూడా అతని వైపే చూస్తోంది.

"వస్తే కూసుంటది సార్," అన్నాడు. "మీ బాబుకొస్తే ఆయన కూడ పక్కన్నే కూసుంటడు గద."

"కూర్చుంటాడు," అన్నాడు సీతారామయ్య.

దామోదర్ పక్కన కూర్చున్న ఆయన భార్య రత్నకుమారి అప్పుడు నోరు విప్పింది. "అది కాదండీ. మా అత్తగారు మడి కట్టుకునే మనిషి. తోలు ముట్టుకొచ్చిన పిల్లవాణ్ణి వంటింటి ఛాయలకు రానివ్వరు. నేనేం చెప్పుకోను?"

మార్తమ్మ ఆగలేకపోయింది. "అమ్మా, మరి మీ బాబు బడికి చెప్పులేసుకొనే వస్తడు గద. అవి దేనివి?"

గుమ్మం దగ్గర నవ్వు మొదలై గోడ దాకా పాకింది. రత్నకుమారి ముందు చురుగ్గా చూసింది. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది.

"సరేలెండి. వీధి గుమ్మంలోనే నాలుగు చెంబులు పోసి లోపలికి పిలుస్తాను. కాని ఒక్క మాట. మావాడికి కరెంటు పని వచ్చేదాకా మాత్రం ఈ బడి మూయకండి. మా ఇంట్లో ఫ్యూజు పోతే ఇద్దరు మగవాళ్లూ కొవ్వొత్తి పట్టుకుని నా ముఖం చూస్తారు."

ఈ దెబ్బకు దామోదర్ కూడా తల దించుకొని నవ్వాడు. చీటీలతో శిక్షణ కావాలన్నవాళ్లను చేతులెత్తమన్నప్పుడు ఆయన ఎత్తలేదు. రత్నకుమారి ఎత్తింది. షెడ్డులో చాలామంది ఎత్తారు. సామాన్ల పెట్టెలు నాచారంలోనే ఉండిపోయాయి.

సోమవారం ప్రార్థన కాగానే ఎనిమిదో తరగతి పిల్లల్ని షెడ్డు ముందు నిలబెట్టారు. చర్చి నుంచి తెచ్చిన బిస్కెట్ డబ్బాను ఉమాపతి రెండు చేతులతో పట్టుకొని ఊపాడు. మూత మీద రంగు పోయిన గుర్రబ్బండి బొమ్మ ఉంది. జ్ఞానయ్య ల్యాబులో గంట పర్మిషను అడిగి వచ్చి ముళ్లకంచె బయట సైకిలు పట్టుకొని నిలబడ్డాడు. వడ్ల నర్సయ్య కూడా వచ్చాడు. అతని కొడుక్కు తోటపని వచ్చింది. "మంచిగైంది, ఇగ మొక్కలకు నీళ్లు పోసెటోడు దొరికిండు," అన్నాడు నర్సయ్య. సీతారామయ్య కొడుక్కు కుట్టుపని వచ్చింది. ఆడపిల్లలు నోళ్లు మూసుకొని నవ్వారు. దర్జీ కూతురికి కరెంటు పని. మురళీధర్ చీటీ విప్పి, "తోలుపని" అని చదివి, మళ్లీ చదివాడు.

హన్నా వంతు వచ్చింది. డబ్బాలో చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. జ్ఞానయ్య సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె చీటీ విప్పింది. చదవలేదు. ఉమాపతి చేతిలో పెట్టింది. ఉమాపతి దాన్ని చూసి కంచె వైపు చూశాడు. ఆ చూపుతోనే జ్ఞానయ్యకు తెలిసిపోయింది.

పిల్లలు వరుసలు మారుతున్నప్పుడు ఉమాపతి కంచె దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అన్నా, ఇంకా చీటీ చదవలే. ఎవరూ సూడలే. డబ్బాల కరెంటు పనివి ఇంకా ఉన్నయి. మళ్లొకసారి తియ్యమంట. మొదలు తప్పు నాది. నన్ను దిద్దుకోనియ్యి."

జ్ఞానయ్య షెడ్డు వైపు చూశాడు. హన్నా అక్కడే నిలబడి ఉంది. ఏడవడం లేదు. కింది పెదవి మాత్రం పళ్ల మధ్య ఉంది. ఇక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు తెలుసు. కావాలనుకుంటే తండ్రి తల ఒక్కసారి ఊపితే చాలు.

"ఒక్క చీటీ మారిస్తే, సారూ, రేపు పెద్దోళ్ల చీటీలన్నీ మారుతయి," అన్నాడు జ్ఞానయ్య. "అప్పుడు డబ్బాల ఎవరివి మిగుల్తయో నీకు తెలుసు, నాకు తెలుసు. చదువున్రి."

ఉమాపతి వెనక్కి వెళ్లి గట్టిగా చదివాడు. "హన్నా. తోలుపని."

హన్నా తండ్రి వైపు ఒకసారి చూసి, వెళ్లి తోలుపని వరుసలో నిలబడింది. ఆమె ముందు మురళీధర్ ఉన్నాడు. అతని ముందు రైల్వే గార్డు కొడుకు, నాచారం పెద్ద రైతు మనుమరాలు. మురళీధర్ వెనక్కి తిరిగి ఏదో అడిగాడు. హన్నా "నాకేం తెలుసు? నేనూ కొత్తనే," అనడం కంచె దాకా వినిపించింది.

జ్ఞానయ్య ల్యాబు దాకా సైకిలు తొక్కలేదు. సగం దూరం నడిపించుకుంటూ పోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి శాంతయ్యకు ఎట్లా చెప్పాలా అని చూస్తే, హన్నా అప్పటికే చెప్పేసింది.

"మంచి జాగల పడ్డది," అన్నాడు ముసలాయన. ఆ మాటలో ఎకసెక్కం ఎంతో, నిజం ఎంతో జ్ఞానయ్యకు తేలలేదు.

తోలుపని నేర్పడానికి సీతారామయ్య చెప్పులు కుట్టేవాళ్లెవరినీ రమ్మని ఊళ్లోకి మనిషిని పంపలేదు. పై ఆఫీసుకు రాసి, ఆ పనిలో ట్రైనింగు అయిన ఇన్‌స్ట్రక్టరును వారానికి రెండు రోజులు రప్పించాడు. ఉమాపతి కూడా పిల్లలతో పాటు కింద కూర్చొని నేర్చుకున్నాడు. దసరా సెలవులయ్యాక ఒకరోజు దామోదర్ ల్యాబులో జ్ఞానయ్యను ఆపాడు.

"మావాడు చెప్పు కుట్టాడయ్యా. ఒకటే. రెండోది అడిగితే, కరెంటు పని వచ్చేలోగా కుడతానంటున్నాడు. మా అమ్మ దాన్ని చూసి, కుట్టు బాగుందిరా అంది. ముట్టుకోలేదనుకో. కాని అంది." ఆయన రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు. "లెక్కల్లో మార్కులేం తగ్గలేదు. నేను తగ్గుతాయనే అనుకున్నాను."

నవంబరులో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, హన్నా అరుగు మీద తోలుముక్కలు పరిచింది. ఆరె, మైనం పూసిన దారం పక్కన పెట్టుకుంది. ఏం చేస్తున్నావని జ్ఞానయ్య అడిగాడు.

"సంచి. లైన్‌మన్లు నడుముకు కట్టుకుంటరు సూడు, పకారు, స్క్రూడ్రైవరు పెట్టుకోను. మళ్ల చీటీల నాకు కరెంటు పని వస్తే కావాలె గద. బజార్ల కొంటే మస్తు అడుగుతరు."

"ఈసారి కూడ రాకపోతే?"

"ఆ పైసారి వస్తది. సంచి యాడికి పోతది?"

జ్ఞానయ్య పక్కన కూర్చున్నాడు. హన్నా రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఆరెతో చిల్లు పొడిచింది. దారం అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి లాగింది. అతను కొంతసేపు చూశాడు.

"ఏదీ, ఇటియ్యి," అన్నాడు.

"నీకొస్తదా నాయినా?"

"రాదు. సూపియ్యి."

హన్నా ఆరె అతని చేతిలో పెట్టి వేళ్లు ఎట్లా పట్టుకోవాలో సర్దింది. రాళ్ల పెట్టెలు మోసిన చేతుల్లో ఆరె నిలవలేదు. మొదటి చిల్లు వంకరపోయింది. రెండోది తోలు దాటి బొటనవేలికి తగిలింది. అతను వేలు నోట్లో పెట్టుకున్నాడు. గుమ్మంలోంచి మార్తమ్మ, "దవాఖానా ఇంట్లనే ఉన్నది, ఫికర్ చెయ్యకు, కానియ్యి," అన్నది.

శాంతయ్య గోడకు ఆనుకొని కళ్లు మూసుకొని ఉన్నాడు. నిద్రపోతున్నాడని అందరూ అనుకున్నారు. జ్ఞానయ్య మూడో చిల్లుకు ఆరె ఆనించాడు.

"మణికట్టు తిప్పకురా," అన్నాడు ముసలాయన కళ్లు తెరవకుండానే. "తిన్నగ నూకు."

జ్ఞానయ్య తిన్నగా నూకాడు. ఆరె అవతలికి దిగింది. హన్నా దారం అందించింది.